హెచ్ హెచ్చీ రిజర్వాయర్ ట్రెయిల్: అమ్మానాన్నలతో వపామా ఫాల్స్ దాకా వెళ్లొచ్చా?

కొత్త_బాటసారి:

అందరికీ నమస్తే. మే చివర్లో మెమోరియల్ డే వీకెండ్‌కి అమ్మానాన్నల్ని తీసుకుని కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్ వైపు వెళ్దామనుకుంటున్నాం. యోసెమిటీ వ్యాలీ వాళ్లు పోయినసారి వచ్చినప్పుడే చూసేశారు, పైగా లాంగ్ వీకెండ్ అంటే అక్కడ పార్కింగ్ వెతకడానికే సగం రోజు పోతుంది, అందుకని ఈసారి పార్క్‌లో వాయవ్యం మూల ఉన్న హెచ్ హెచ్చీ రిజర్వాయర్‌కి వెళ్లి డ్యామ్ దగ్గర్నుంచి వపామా ఫాల్స్ దాకా నడుద్దామని ఆలోచన. రానూపోనూ 5 మైళ్లు అని చదివాను. కొందరు ఈజీ అంటున్నారు కొందరు మోడరేట్ అంటున్నారు, ఎవరికి ఈజీనో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

నాన్నకి 66, రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తారు కానీ అదంతా చదును రోడ్డు మీద. అమ్మకి మోకాళ్లు కొంచెం ఇబ్బంది, ఎక్కడం పర్లేదు గానీ దిగేటప్పుడే నొప్పి అంటుంది. బాబుకి ఎనిమిదేళ్లు, వాడికి నీళ్లు కనిపిస్తే చాలు ఆగడు. దారి ఎలా ఉంటుంది, రాళ్లా మట్టా, నీడ ఉంటుందా, నీళ్లలోకి దిగనిస్తారా, మే చివర్లో ఫాల్స్‌లో నీళ్లు ఉంటాయా? ఇంకోటి, వపామా దగ్గర బ్రిడ్జిలు ఒక్కోసారి మూసేస్తారని ఎవరో అన్నారు, నిజమేనా? వెళ్లొచ్చిన వాళ్లు కొంచెం వివరంగా చెప్తే చాలా హెల్ప్ అవుతుంది.

సియెర్రా_బాట:

తప్పకుండా వెళ్లండి, మే నెలలో ఆ ట్రెయిల్ చూసి తీరాల్సిందే. కాకపోతే వపామా ముట్టుకునే తిరిగి రావాలి అనే పట్టుదల మాత్రం పెట్టుకోకండి, ఎందుకో చెప్తాను.

ముందు దారి సంగతి. కారు డ్యామ్ దగ్గరే ఆపుకోవచ్చు, అక్కడ్నుంచి ఓషానెసీ డ్యామ్ పైనుంచి అవతలి ఒడ్డుకి నడిచి వెళ్లాలి, అది దాటగానే కొండని తొలిచిన సొరంగం వస్తుంది. ఎండలోంచి ఒక్కసారిగా లోపలికి అడుగుపెడితే కాసేపు ఏమీ కనిపించదు, కింద అక్కడక్కడా నీళ్లు నిలిచి ఉంటాయి, పైనుంచి చుక్కలు పడుతుంటాయి, అమ్మగారి చెయ్యి పట్టుకుని ఫోన్ లైట్ వేసుకుంటే చాలు. అది దాటాక దాదాపు ఒక మైలు పాత బండి రోడ్డే, వెడల్పుగా ఉంటుంది, నలుగురూ మాట్లాడుకుంటూ నడవొచ్చు. ఆ తర్వాత చీలిక వస్తుంది, పైకి వెళ్లేది వేరే దారి, మీరు కుడివైపుది పట్టుకోవాలి. అక్కడ్నుంచి సన్నబడుతుంది. గ్రానైట్ బండల మీద కొంతసేపు, గులకరాళ్లలో కొంతసేపు, చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్లు చాలానే ఉంటాయి. ఒకేసారి పెద్ద ఎక్కుడు ఎక్కడా లేదు గానీ వీటన్నిటినీ కలుపుకుంటే కాళ్లకి తెలుస్తుంది. వపామా దగ్గరపడ్డాక మాత్రం రాతిమెట్ల మీదుగా కిందికి దిగాలి, మెట్లు ఒక ఎత్తున ఉండవు, నీటి తుంపర పడి తడిగా ఉంటాయి. అమ్మగారి మోకాళ్లకి అసలు పరీక్ష అక్కడే.

దారిలో కుడిచేతి వైపు మొత్తం రిజర్వాయర్, దాని అవతలి ఒడ్డున నిట్టనిలువుగా కొలానా రాక్, ఇటు పైన హెచ్ హెచ్చీ డోమ్. సుమారు 1.5 మైళ్ల దగ్గర ట్వీలాలా ఫాల్స్ వస్తుంది. అది 800 అడుగుల పైనుంచి పల్చటి తెరలా పడుతుంది, ఎండాకాలం మొదలవగానే ఎండిపోతుంది కాబట్టి మే చివరికి ఎంత ఉంటుందనేది ఆ ఏడాది మంచుని బట్టి. నీళ్లు బాగా ఉన్న రోజుల్లో ఆ ప్రవాహం దారి మీదకే వచ్చి బండల మీద పరుచుకుని పారుతుంది, షూస్ తడవకుండా దాటడం కష్టం. వపామా వేరే కథ, ఫాల్స్ క్రీక్ మొత్తం 1,400 అడుగుల కొండ మీంచి దూకుతుంది, మే, జూన్‌లలో చప్పుడు చాలా దూరం ముందే మొదలవుతుంది.

నీళ్లలోకి దిగడం కుదరదండి. ఈత, బోటింగ్ రెండూ నిషేధం, కాలు పెట్టడం కూడా. ఒడ్డు నుంచి చేపలు పట్టుకోవచ్చు, దానికి కాలిఫోర్నియా లైసెన్స్ ఉండాలి. బాబుకి ఇంటి దగ్గరే చెప్పి ఒప్పించి తీసుకెళ్లండి, తీరా అక్కడికెళ్లి అన్ని నీళ్లు ఎదురుగా పెట్టుకుని వద్దంటే పిల్లలకి చాలా కష్టం.

ఇక బ్రిడ్జిలు. నిజమే, నీళ్లు ఎక్కువైతే మూసేస్తారు. ఫాల్స్ కింద నీళ్లు పాయలుగా విడిపోయి పారతాయి, వాటి మీద వరుసగా చిన్న చిన్న చెక్క వంతెనలు ఉంటాయి. మంచు జోరుగా కరిగే రోజుల్లో నీళ్లు వాటి కింద నుంచి కాదు, పైనుంచి వెళ్తాయి. 2011 జూన్‌లో ఇద్దరు హైకర్లు అలాంటి నీళ్లలో వంతెన మీంచి కొట్టుకుపోయి చనిపోయారు. నేను పట్టుదల వద్దంటున్నది ఇందుకే.

నిదానంగా_నడుద్దాం:

పైన చెప్పినదంతా కరెక్ట్, పెద్దవాళ్ల కోణంలో ఇంకొన్ని చెప్తా. మా అత్తమామల్ని తీసుకెళ్లాను, వాళ్లకి బాగా నచ్చింది.

ఎండ గురించి అందరూ తక్కువ అంచనా వేస్తారు. యోసెమిటీ అనగానే చల్లగా ఉంటుందనుకుంటాం కానీ హెచ్ హెచ్చీ సుమారు 3,800 అడుగుల ఎత్తులోనే ఉంది, యోసెమిటీ వ్యాలీ కంటే కొంచెం కిందే. పైగా ట్రెయిల్ రిజర్వాయర్‌కి ఉత్తరం ఒడ్డున ఉంది, అంటే కొండ ముఖం దక్షిణానికి, రోజంతా ఎండ సూటిగా దాని మీదే పడుతుంది. గ్రానైట్ బండ ఒకసారి వేడెక్కిందంటే కింద నుంచి కూడా సెగ కొడుతుంది. ఓక్ చెట్లు, పైన్ చెట్లు ఉన్నాయి గానీ వరసగా నీడ ఇచ్చేంత లేవు. అందుకని గేటు తెరిచే టైంకే అక్కడుండండి, పదకొండు దాటాక పెద్దవాళ్లు ఆ బండల మీద తిరుగుదారిలోనే ఉండాలి, వెళ్లే దారిలో కాదు. నీళ్లు మనిషికి రెండు లీటర్లు తక్కువ కాకుండా మొయ్యండి, ఎదురుగా అంత నీళ్లున్నా అవి తాగడానికి ఫిల్టర్ కావాలి, పైగా చాలా చోట్ల దారికీ నీళ్లకీ మధ్య నిటారు బండే.

అమ్మగారికి ట్రెక్కింగ్ పోల్స్ రెండు ఇవ్వండి, ఒకటి కాదు. దిగేటప్పుడు పోల్స్ కొంచెం పొడుగు చేసి, ముందు కింది మెట్టు మీద పోల్ ఆనించి, ఆ తర్వాత కాలు దించమనండి, మోకాలి మీద పడే బరువు కొంత చేతుల మీదకి వస్తుంది. ఇది అక్కడికెళ్లాక నేర్పితే అలవాటు పడరు, రెండు వారాల ముందే దగ్గర్లో ఏదైనా చిన్న గుట్ట మీద ప్రాక్టీస్ చేయించండి. చెప్పులు మాత్రం అస్సలు వద్దు. మన అమ్మలు షూస్ అంటే వద్దంటారు, కొత్తవి కొనిస్తే కరుస్తాయి, కాబట్టి ఆ షూస్ కూడా ముందే వేయించి అలవాటు చెయ్యండి.

నా సలహా, ట్వీలాలా దగ్గరే మీ గమ్యం అనుకోండి. అక్కడికి రానూపోనూ 3 మైళ్లు, మంచి బండలు ఉంటాయి కూర్చోడానికి, రిజర్వాయర్ మొత్తం కనిపిస్తుంది, ఎదురుగా కొలానా. అక్కడ అరగంట కూర్చున్నాక అమ్మగారి మోకాళ్లు ఏమంటున్నాయో అడిగి, బాగానే ఉందంటే అప్పుడు ముందుకెళ్లొచ్చు. పెద్దవాళ్లు మనకోసం "పర్లేదు పర్లేదు" అంటూనే ఉంటారు, మాట వినకండి, నడక చూడండి. మెట్టు దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగుతున్నారంటే నొప్పి మొదలైనట్టే.

బాబుకి రెండు విషయాలు చెప్పండి. దారి పక్కన మూడు ఆకులు కలిసి మెరుస్తూ ఉండే పొద కనిపిస్తే ముట్టుకోకూడదు, అది పాయిజన్ ఓక్, వసంతంలో ఒక్కోసారి ఆకులు ఎర్రగా కూడా ఉంటాయి. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకూడదు, అక్కడ రాటిల్‌స్నేక్స్ ఉంటాయి, బండ వేడెక్కే టైంకి బయటికొస్తాయి. కనిపిస్తే ఆగి దాని దారిన దాన్ని పోనివ్వడమే, అది కూడా మనల్నుంచి పోవాలనే చూస్తుంది.

నీళ్ల_దారి:

ట్రెయిల్ గురించి పైవాళ్లు చెప్పేశారు, నాన్నగారికి చెప్పడానికి పనికొచ్చే సంగతులు నేను చెప్తాను. అవి తెలిసి నడిస్తే ఆ చోటు వేరేగా కనిపిస్తుంది, నాకు అది చాలా ఇష్టమైన చోటు కూడా.

మీకు కుడివైపు కనిపించే ఆ నీళ్ల కింద ఒక లోయ ఉంది. ఆ లోయలో ఒకప్పుడు టువాలమీ నది పారేది, పచ్చిక బయళ్లు, ఓక్ చెట్లు, రెండు పక్కలా ఇవే గోడలు, ఇవే జలపాతాలు. యోసెమిటీ వ్యాలీకి తోబుట్టువు లాంటిది. అక్కడి ఆదివాసులైన మీవోక్, పైయూట్ జనాలు తరతరాలుగా అక్కడికొచ్చి ఉండేవాళ్లు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చి ఊరు తగలబడిపోయాక నీళ్ల కోసం నగరం ఈ లోయ మీద ఇంకా గట్టిగా పడింది. ప్రకృతిని కాపాడాలని రాసిన జాన్ మ్యూర్, ఆయన సంస్థ సియెర్రా క్లబ్ వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు, నేషనల్ పార్క్ లోపల డ్యామ్ ఏంటని. చివరికి 1913 డిసెంబర్‌లో ఆ డ్యామ్‌కి అనుమతిచ్చే రేకర్ చట్టం మీద అధ్యక్షుడు విల్సన్ సంతకం పెట్టేశాడు, మ్యూర్ ఆ తర్వాతి ఏడాది డిసెంబర్‌లో చనిపోయాడు. డ్యామ్ 1923కి పూర్తయింది, 1938లో ఇంకో 85 అడుగులు పెంచారు. ఓషానెసీ అంటే ఆ ప్రాజెక్ట్ నడిపించిన శాన్ ఫ్రాన్సిస్కో సిటీ ఇంజనీర్.

ఇంజనీరింగ్ పరంగా చూస్తే మాత్రం గొప్ప పనే. అక్కడ్నుంచి శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లుండే బే ఏరియా దాకా 160 మైళ్ల పైన సొరంగాల్లో, పైపుల్లో నీళ్లు వాటంతట అవే పల్లానికి వచ్చేస్తాయి, పంపులు లేవు, దారిలో కరెంటు కూడా తీస్తారు. 1934 అక్టోబర్‌లో మొదటిసారి ఆ నీళ్లు ఇటు చేరాయి. కెన్యాడా రోడ్ మీద పల్గాస్ వాటర్ టెంపుల్ చూసే ఉంటారు, అది ఆ నీళ్లు రావడానికి గుర్తుగా కట్టిందే. శాన్ ఫ్రాన్సిస్కో ఒక్కటే కాదు, పాలో ఆల్టో, రెడ్‌వుడ్ సిటీ, హేవర్డ్ ఇళ్లలో కుళాయి తిప్పితే వచ్చేది ఎక్కువగా ఈ నీళ్లే, సన్నీవేల్, మిల్పిటాస్‌లలో కూడా కొంత భాగం ఇదే. మంచు కరిగి గ్రానైట్ మీంచి వచ్చే నీళ్లు కాబట్టి ఎంత శుభ్రంగా ఉంటాయంటే హెచ్ హెచ్చీ నీళ్లని ఫిల్టర్ చెయ్యాల్సిన అవసరం లేదని మినహాయింపు ఉంది, యూవీ (అతినీలలోహిత) కాంతితో, క్లోరిన్‌తో శుద్ధి చేసి పంపిస్తారు. ఈత ఎందుకు వద్దంటారో బాబుకి దీంతో చెప్పండి, సింక్‌లో మనం తాగే నీళ్లు ఇవే అంటే పిల్లలు ఇట్టే అర్థం చేసుకుంటారు.

గ్రానైట్_గోడ:

నీళ్ల_దారి గారూ, బాగా రాశారు. కాకపోతే గొప్ప ఇంజనీరింగ్ అని సరిపెట్టుకోవడం నావల్ల కాదు. అలాంటి లోయ ఇంకోటి పుట్టదు, నీళ్లని ఇంకా కిందనున్న రిజర్వాయర్లలో కూడా నిలవ చేసుకోవచ్చు. నాకైతే ఎప్పటికైనా దాన్ని ఖాళీ చేసి నదిని వదిలెయ్యాలనే ఉంది.

నీళ్ల_దారి:

మీ బాధ నాకూ ఉందండి, అక్కడ నిలబడిన ప్రతిసారీ కింద ఏముండేదో అనిపిస్తుంది. కానీ 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కనీసం ఖాళీ చేసే విషయం మీద ప్లాన్ తయారు చేద్దామా అని ఓటింగ్ పెడితేనే నాలుగింట మూడొంతుల మంది పైనే వద్దన్నారు. ఇరవై ఏడు లక్షల మందికి వెళ్లే సరఫరాలో అది గుండెకాయ, నిలవ ఒక్కటే కాదు, ఆ శుభ్రత, ఆ ఎత్తు, ఆ కరెంటు అన్నీ దాంతోనే ముడిపడి ఉన్నాయి. నేను ఆ నీళ్లు తాగే ఊళ్లోనే ఉంటున్నా కాబట్టి తీసెయ్యమని అడగడానికి నాకు నోరు రాదు, ఉన్నదాన్ని వృథా చెయ్యకుండా వాడుకోవడమే నా చేతిలో ఉంది.

కొత్త_బాటసారి:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. ట్వీలాలానే గమ్యం అని ఫిక్స్ అయ్యాం, షూస్, పోల్స్ ఈ వారమే కొంటున్నా. నాన్నకి డ్యామ్ కథ చదివి వినిపిస్తే ఇప్పట్నుంచే హుషారుగా ఉన్నారు. ఒకవేళ అమ్మ, మా ఆవిడ ట్వీలాలా దగ్గర కూర్చుంటే నేనూ నాన్నా బాబూ వపామా దాకా వెళ్లి రావాలని ఉంది. అప్పుడు బ్రిడ్జి దాటొచ్చా లేదా అనేది మేం అక్కడ ఎలా తెలుసుకోవాలి? మూసేసినట్టు బోర్డు లేకపోతే పర్లేదనుకోవచ్చా?

సియెర్రా_బాట:

బోర్డు లేకపోతే పర్లేదని మాత్రం అనుకోకండి. రేంజర్ పొద్దున చూసి వెళ్లాక మధ్యాహ్నానికి నీళ్లు మారిపోతాయి. మంచు కరిగే సీజన్‌లో ఎండ ఎక్కే కొద్దీ పైన కరగడం పెరుగుతుంది, అవి కిందికి చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది, అంటే వెళ్లేటప్పుడు దాటిన వంతెన వచ్చేటప్పుడు కూడా అలాగే ఉంటుందని గ్యారెంటీ లేదు. పైగా ముందురోజు వేడి బాగా ఉండి రాత్రి కూడా చల్లబడకపోతే పొద్దున్నే జోరుగా ఉంటుంది. వర్షం సూచన ఉందంటే ఆ రోజు వంతెనల ఆలోచనే మానెయ్యండి, మంచు మీద వాన పడితే వాగు గంటల్లో లేచిపోతుంది.

అక్కడికెళ్లాక ముందు కాసేపు నిలబడి చూడండి. వంతెన చెక్కల మీద తుంపర పడి తడవడం వేరు, చెక్కల మీంచి నీళ్లు పారడం వేరు. తుంపర అయితే రెయిన్ జాకెట్ వేసుకుని, ఫోన్ లోపల పెట్టుకుని, కమ్మీ పట్టుకుని దాటొచ్చు, తడుస్తారు కానీ అది ఆ ట్రెయిల్‌లో ఒక ఆనందమే. చెక్కల మీద కొంచెం నీళ్లు పారుతున్నా, చీలమండ లోతు కూడా లేదు కదా అనిపించినా, అడుగు పెట్టొద్దు. ఆ నీళ్లు ఏటవాలుగా దూకి వస్తున్నవి, మోకాలు దాకా రానక్కర్లేదు పడెయ్యడానికి, పడితే వంతెన కిందంతా బండలు, వాటి కింద రిజర్వాయర్. చప్పుడు ఎంత ఉంటుందంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు, కాబట్టి ఏం చెయ్యాలన్నది వంతెన దగ్గర కాదు, మెట్లు దిగకముందే మాట్లాడుకోండి. ఎనిమిదేళ్ల పిల్లాడు ఉన్నాడు కాబట్టి నా మాట, వంతెన అవతలికి అసలు వెళ్లొద్దు. మొదటి వంతెన ఇవతల నుంచే ఫాల్స్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, అవతలికి వెళ్తే ఎక్కువ కనిపించేదేం లేదు, రాంచెరియా ఫాల్స్‌కి వెళ్లేవాళ్లకే అది అవసరం, దానికి రానూపోనూ 13 మైళ్లు.

ఇంకోటి, మీవాళ్లు రెండు గుంపులుగా విడిపోతే ఫోన్లు పనిచెయ్యవు, అక్కడ సిగ్నల్ నమ్ముకోలేం. ఇన్నింటికల్లా ట్వీలాలా దగ్గరికి వచ్చేస్తాం అని గట్టిగా టైం అనుకుని వెళ్లండి, ఆ టైంకి ఎక్కడున్నా వెనక్కి తిరగండి.

నిదానంగా_నడుద్దాం:

డ్రైవ్ గురించి ఎవరూ చెప్పలేదు. హైవే 120 మీద బిగ్ ఓక్ ఫ్లాట్ ఎంట్రన్స్‌కి ఒక మైలు ముందే ఎడమవైపు ఎవర్‌గ్రీన్ రోడ్ వస్తుంది, దాన్ని దాటిపోకండి. అక్కడ్నుంచి మేథర్ అనే చోటు మీదుగా డ్యామ్‌కి ఇంకో 16 మైళ్లు, మలుపులు బాగా ఉంటాయి, అమ్మగారికి కారులో తిప్పితే ముందు సీట్లో కూర్చోబెట్టండి. దారిలో నల్లగా మాడిన మొద్దులు, వాటి మధ్య మళ్లీ లేస్తున్న పొదలు కనిపిస్తాయి, 2013లో వచ్చిన రిమ్ ఫైర్ అనే కార్చిచ్చు అటువైపంతా కాల్చేసింది. హెచ్ హెచ్చీ ఎంట్రన్స్ పగటిపూట మాత్రమే తెరిచి ఉంటుంది, టైమింగ్స్ సీజన్‌ని బట్టి మారతాయి, సాయంత్రం గేటు వేసేలోపు బయటికి రావాలి. 25 అడుగుల కంటే పొడుగు బండ్లని లోపలికి రానివ్వరు, ఆర్వీ (లోపలే ఉండి పడుకునే పెద్ద బండి) అద్దెకి తీసుకునే ఆలోచన ఉంటే చూసుకోండి. బయల్దేరే ముందురోజు రాత్రి పార్క్ సైట్‌లో మూడు చూడండి, గేటు టైం, ఎంట్రీ రిజర్వేషన్ కావాలా వద్దా, వపామా బ్రిడ్జిల స్టేటస్. ఆ పేజీల స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత నెట్ ఉండదు.

నీళ్ల_దారి:

నాన్నగారి కోసం ఇంకొక్కటి. డ్యామ్ మీద నడిచేటప్పుడు అందరూ రిజర్వాయర్ వైపే చూస్తూ వెళ్లిపోతారు. రెండో వైపు గోడ దగ్గరికెళ్లి కిందికి కూడా చూడమనండి. వసంతంలో నీళ్లు ఎక్కువై కిందికి వదులుతున్న రోజైతే డ్యామ్ అడుగున వాల్వుల్లోంచి తెల్లటి ధారలు నదిలోకి చిమ్ముతుంటాయి, పొద్దుటి ఎండలో వాటి మీద ఇంద్రధనుస్సు కూడా పడుతుంది. రిజర్వాయర్ వైపు బండల మీద తెల్లటి పట్టీ కనిపిస్తే అది నీటిమట్టం ఎంత దిగిందో చెప్పే గీత. చలికాలం చివరికి మట్టం బాగా తగ్గుతుంది, మంచు కరిగి జూన్, జూలైకల్లా మళ్లీ నిండుతుంది. మీరు వెళ్లేసరికి ఆ పట్టీ ఇంకా ఎంత వెడల్పు ఉందో చూసొచ్చి ఇక్కడ రాయండి, ఈ ఏడాది నీళ్ల పరిస్థితి మాకూ తెలుస్తుంది.